మొక్కని మొక్కు

"ఇంకోసారి చదువు," అంది మంజులత.

శివకృష్ణ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని బీమా కంపెనీ పంపిన ఉత్తరం మళ్ళీ చదివాడు. ఇంగ్లీషు ముక్కల్ని తనకు చేతనైనంతలో తెలుగు చేసి చెప్పాడు. పాలసీదారు భార్యకు జుట్టు పోయింది వైద్యం వల్ల కాదు. తిరుపతి మొక్కు తీర్చుకోవడానికి ఆమే ఇష్టపడి తలనీలాలు ఇచ్చింది. ఈ మాట ఆమె అత్తగారే చెప్పి సంతకం పెట్టింది. కనుక విగ్గు ఖర్చు కంపెనీ భరించదు.

పొద్దున ఎనిమిది కావస్తున్నా మగ్గం ఆగిపోయే ఉంది. శివకృష్ణ తల్లి నీలావతి వంటింటి గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తన మాట వచ్చినా తల ఎత్తలేదు.

"ఏం చెప్పినావత్తా విచారణకు వచ్చిన ఆయప్పకు?"

"ఏం చెప్తా? వీధికి చెప్పిందే చెప్పినా."

"ఆయప్ప మన వీధోడా?"

"ఎవురో ఏమో నాకేం తెలుసు. నువ్వు బెంగళూరికి సూదికి పోయినావు. ఈయప్ప వచ్చి నీళ్ళడిగినాడు, ఇచ్చినా. కోడలికి జుట్టు యట్ల పోయిందవ్వా అన్నాడు. ఎదురింటి సిద్ధమ్మ పక్కనే కూచోనుండాది. ఆమెకు ఒక మాట, ఆయప్పకు ఇంకో మాట చెప్పల్లనా?"

"సంతకం ఏంటికి పెట్టినావు మా?" అన్నాడు శివకృష్ణ.

"పెట్టమన్నాడు, పెట్టినా. లడ్డు కూడా ఇచ్చినా. కండ్లకద్దుకోని తిన్నాడు పాపం."

మంజులతకు నాలుగో కీమో అయి పది రోజులు దాటింది, మందు వికారం తగ్గింది. ఆ లడ్డు పేరు వింటే మాత్రం ఒళ్ళంతా కంపరం.

ఆ లడ్డు ఏ కొండ మీదిదీ కాదు. ధర్మవరం స్టేషన్ రోడ్డులో మిఠాయి కొట్టువాడి చేత నీలావతి చేయించింది. రెండో కీమో తర్వాత దిండు నిండా జుట్టు రాలుతుంటే, మిగిలిన జుట్టు తీయించడానికి మంగలిని పెరట్లోకి పిలిపించింది. గుండుకు గంధం పూసింది. కోడలిని గదిలో పడుకోబెట్టి నలభై ఇళ్ళకు ప్రసాదం పంచి వచ్చింది. క్యాన్సర్ అన్న మాట గడప దాటకూడదు. దాటితే ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవాళ్ళుండరని ఆమె భయం. ఈ రోజుల్లో అలా ఎవరుంటారని అంటారా? ఉంటారు. చదువుకున్నవాళ్ళు కూడా ఉంటారు. కాకపోతే వాళ్ళు ఉపవాసం అని చెప్పి తప్పించుకుంటారు.

మర్నాటి నుంచి వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. గంధం పూసిన గుండును రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నారు. ఒకామె తన బిడ్డకు జ్వరం తగ్గాలని ఆ గంధం కొంచెం గీసి తీసుకుపోయింది. గంధం కింద చర్మం పుండు పడినట్టు మండుతుంటే మంజులత నోరు మూసుకుని కూర్చుంది. ఆ రోజు ఆమెకు నోరెత్తే ఓపిక లేదు. ఓపిక వచ్చాక కూడా ఎత్తలేదు. అది ఆమె తప్పే, ఎవరి మీదికీ తోసేది కాదు.

"ఈ పాలసీ దయ వల్లనే కీమో జరుగుతాండాది మా," శివకృష్ణ గొంతు పెంచకుండానే అన్నాడు. "మందుల వల్ల జుట్టు పోతే విగ్గు కూడా ఇస్తామని దాంట్లో రాసుండాది. డాక్టరు చీటీ ఇచ్చినాడు. తల కొలత తీసుకున్నారు. కంపెనీ సరే అంటే ఆసుపత్రి వాళ్ళే చేతికిస్తారు. అంతా అయినాక నువ్వు నోట్లో మన్ను కొట్టినావు."

"విగ్గు లేకుంటే ప్రాణం పోతాదా?"

"పని పోతాది," అంది మంజులత.

ఆమె పట్టుచీరల షాపులో పనిచేస్తుంది. గల్లా దగ్గర కాదు, ఫోను ముందు. చీర భుజం మీద వేసుకుని, అంచు చూపించి, పక్కకు తిరిగి, జడ మీదుగా పైట ఎలా జారుతుందో చూపిస్తే ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లలో చూసి కొంటారు. యజమాని నారాయణ మంచివాడే, మంచివాళ్ళు చెప్పినట్టే చెప్పాడు. "నీ స్థలం నీదే తల్లీ. ఉత్త తలతో మాత్రం వద్దు, చీర పక్కన జనాలు నిన్ను చూస్తారు. పెండ్లిండ్లు మొదలయ్యేలోపల విగ్గు పెట్టుకోని రా." ఆ మాట విన్నప్పుడు కూడా ఆమెకు ఇలాగే కంపరం పుట్టింది. కానీ పని అతనిది, షాపు అతనిది. ఇంట్లో అత్త కళ్ళ ముందు రోజంతా పడుకుని ఉండటం కన్నా ఆ ఫోను ముందు నిలబడటమే ఆమెకు కావాలి.

"హిందూపురం పోదాం పద," అంది భర్తతో. "కంపెనీ ఆఫీసులోనే అడుగుదాం."

నీలావతి చింతగింజలు చేటలోకి విదిలించింది. "నన్ను పదిమందిలో అబద్ధాలకోరుని చేయల్లని పోతాండావు. పో."

* * *

హిందూపురం ఆఫీసులో మేడమ్ పేరు కమలాక్షి. మాట మెత్తన. ఫైలు తెరిచి, చదివి, ముఖం ఎత్తి మంజులత తలకు చుట్టుకున్న గుడ్డ వంక చూసింది.

"ఒక్క నిమిషం అది తీస్తారా? ఫోటో తీసుకోవల్ల."

గదిలో ఇంకా నలుగురున్నారు. బల్ల దగ్గర టీ తాగుతున్న ఒకాయన గ్లాసు దించి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. మంజులత గుడ్డ తీసింది. ఫోను టక్కుమంది. పక్క నుంచి మరొకటి, వెనక నుంచి మరొకటి.

"చూడమ్మా, ఇది రాలిందా, గీసిందా అని ఫోటోలో తెలీదు," అంది కమలాక్షి. "గుండు గుండే గదా."

"మేడమ్, నా కనుబొమ్మలు చూడండి."

కమలాక్షి చూసింది. అక్కడ కాటుక పెన్సిలుతో గీసిన రెండు గీతలు తప్ప ఏమీ లేవు.

"రెప్పలకు కూడా వెంట్రుకలు లేవు. చేతులకు లేవు. దేవునికి కనుబొమ్మలు ఎవురన్నా మొక్కుకుంటారా మేడమ్? మీరు యాడన్నా విన్నారా?"

టీ తాగుతున్న ఆయన నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నాడు. కమలాక్షి ముఖంలో మాత్రం నవ్వు రాలేదు. ఆమె నిజంగానే కాసేపు ఆ గీతల వంక చూసింది.

"నువ్వు చెప్పేది నేను నమ్ముతాండా. కానీ నేను నమ్మితే దుడ్లు రావు. ఫైలు నమ్మల్ల. ఫైల్లో మీ ఇంటి మనిషి సంతకం ఉండాది."

"డాక్టరు చీటీ కూడా ఉండాది గదా," అన్నాడు శివకృష్ణ.

"ఉండాది. డాక్టరు మందు వల్ల జుట్టు పోతాది అన్నాడు. మీ అమ్మ మందుతో పోలేదు, మొక్కుకు ఇచ్చింది అన్నది. పైనోళ్ళకు డాక్టరు మాట వద్దు, మీ అమ్మ మాటే ముద్దు. అది వాళ్ళకు అనుకూలం గదా." ఇంత నిజం ఆ ఆఫీసులో ఎవరూ చెప్పగా వినలేదేమో, టీ ఆయన కుర్చీ అటు తిప్పుకున్నాడు. "ఒకటే దారి. మళ్ళీ విచారణ పెడతా. అదే మనిషి వస్తాడు. అదే ఇంట్లో, మీ అమ్మే ముందు చెప్పింది తప్పని చెప్పల్ల. వీధిలో ఇద్దరు సాక్షి సంతకం పెట్టల్ల. ఈ నెలాఖరులోపల."

"వీధిలో వాళ్ళకు నా జబ్బుతో ఏం పని మేడమ్?"

"వాళ్ళు మొక్కు అని తిన్నారంట గదా ప్రసాదం. అది కూడా రాసినాడు ఈయప్ప."

మంజులత గుడ్డ మళ్ళీ చుట్టుకుంది. అలిసిపోయిన దానికంటే అసహ్యం ఎక్కువగా ఉంది. బయటికొచ్చి మెట్ల పక్కన ఉమ్మేసింది. తను ఎప్పుడూ రోడ్డు మీద ఉమ్మే మనిషి కాదు.

* * *

ఆ విచారణ మనిషిది పెనుకొండ. పేరు ఉమాశంకర్. తాలూకా ఆఫీసుల దగ్గర చిన్న జిరాక్సు కొట్టు పెట్టుకుని, కంపెనీ పిలిచినప్పుడు ఇలా ఊళ్ళు తిరిగి రిపోర్టు రాసిస్తాడు. బస్సు దిగి వాళ్ళు కొట్టు ముందుకు వచ్చేసరికి, ఫైల్లో ఫోటోలు చూసి ఉన్నాడేమో, గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"కూచో అక్కా. నేను కావాలని రాయలేదు. అవ్వ చెప్పింది, రాసినా."

"నా ఆసుపత్రి కాగితాలు నీ దగ్గరుండాయి గదప్పా. చూడలేదా?"

"చూసినా."

"చూసి?"

అతను మిషను మీది దుమ్ము వేలితో తుడిచాడు. "అక్కా, ఉన్నమాట చెప్తా. క్లెయిము పోయేట్టు రాస్తే వాళ్ళు మళ్ళీ పిలుస్తారు. వచ్చేట్టు రాస్తే ఇంకొకన్ని పిలుస్తారు. నాకు ఇద్దరు బిడ్డలు."

శివకృష్ణ కొట్టు మెట్టు మీద కాలు పెట్టాడు. మంజులత అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. కొట్టినా ఏమొస్తుంది. ఇంత చచ్చు నిజాన్ని ఇంత నెమ్మదిగా చెప్పే మనిషిని కొట్టడానికి కూడా ఆమెకు రోతగా ఉంది.

"రేపు పొద్దున రా," అంది. "ఈసారి మా అత్త ఏం చెప్తే అది రాయి. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తీయొద్దు. నాకు అంతే చాలు."

"అంతే రాస్తా అక్కా. రెండోసారి తప్పు రాస్తే నా పని కూడా పోతాది."

* * *

ఆ సాయంత్రం శివకృష్ణ మగ్గం మీద కూర్చున్నాడు గానీ నాలుగు పోగులు నేసి దిగిపోయాడు. నీలావతి అన్నం వడ్డించి, తన కంచం ఖాళీగానే కడిగి పెట్టుకుంది.

చివరికి మంజులతే వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"నిన్ను అబద్ధాలకోరని ఎవురూ అనరత్తా. భయపడి చెప్పినా అను. నిజమే గదా అది."

నీలావతి కడిగిన కంచాన్నే మళ్ళీ కొంగుతో తుడిచింది.

"నీకి తెలీదు," అంది ఆఖరుకు. "మా చిన్నమ్మకు ఇదే జబ్బు వచ్చింది. పేరు కూడా తెలీదు మాకు అప్పుడు. ఆమెను పశువుల కొట్టంలో పండబెట్టినారు. కంచం దూరం నుంచి తోసేవాళ్ళు. నేను చిన్నపిల్లను, నేను కూడా తోసినా. నిన్నట్ల ఎవురూ చూడకూడదని చేసినా ఇదంతా."

మంజులతకు కోపం సగం కరిగింది. మిగిలిన సగం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ చిన్నమ్మకు కంచం తోసినవాళ్ళ మీద కూడా రావలసిన కోపం అది.

"దేవుని పేరు పెట్టి అబద్ధమాడినా. దినామూ దీపం పెట్టేటప్పుడు పటం దిక్కు తల ఎత్తలేకుండా ఉండా," అంది నీలావతి. "చెప్తే పోతాదా ఈ పాపం?"

"పోతాది. రేపు ఉన్నది ఉన్నట్టు చెప్పు. మొదట్నుంచి చెప్పు. ఏమీ దాచొద్దు."

"ఏమీ దాచొద్దా?"

"ఏమీ దాచొద్దత్తా. దాచి దాచి ఈ గతికి వచ్చినాము."

నీలావతి కోడలి ముఖంలోకి కాసేపు చూసి, సరే అన్నట్టు తల ఊపింది.

* * *

ఉమాశంకర్ తొమ్మిదింటికి వచ్చాడు. శివకృష్ణ చాప పరిచాడు. సాక్షులుగా సిద్ధమ్మను, పక్కింటి మునియమ్మను పిలిచారు. మంజులత వాళ్ళ ఎదుట కూర్చుని తల మీది గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది మొక్కు కాదు," అంది. "నాకు రొమ్ము క్యాన్సరు. మందులకు పోయింది జుట్టు. మీరు తిన్న లడ్డు స్టేషన్ రోడ్డుది."

ఇద్దరూ ఉలిక్కిపడతారనుకుంది. ఎవరూ ఉలిక్కిపడలేదు. మునియమ్మ కొంగు సర్దుకుంది. సిద్ధమ్మ చాప అంచు గోటితో గిల్లుతూ కూర్చుంది.

"మాకు తెలుసులే మంజులా," అంది సిద్ధమ్మ. "కొండ లడ్డుకు ఉండే వాసన దానికి యాడుండాది. మా కోడలు తిన్న పొద్దే చెప్పింది."

"తెలుసునా?"

"వీధంతా తెలుసు."

"తెలిసి నా తల తాకి కండ్లకద్దుకున్నారా?"

"మీ అత్త బాధపడతాదని."

"మరి నేను?"

మునియమ్మ అందుకుని, "చేతులు కడుక్కున్యాములే ఇంటికి పోయి," అంది. సమాధానం చెప్పానని అనుకుంది ఆమె. తను ఏమన్నదో ఆమెకు తెలియనే లేదు.

మంజులత కళ్ళు మూసుకుంది. ఆ రోజుల్లో తల మీద పడ్డ చేతులన్నీ ఒక్కసారి మళ్ళీ పడ్డట్టనిపించింది. నలభై ఇళ్ళు. నలభై ఇళ్ళలోనూ చేతులు కడుక్కున్నారు. ఎంత నీచం. నీలావతి దాచింది, వీధి తనకు తెలుసన్నది దాచింది, మధ్యలో తను గంధం పూసుకుని బొమ్మలా కూర్చుంది.

"అయితే సంతకం పెట్టండి," అన్నాడు శివకృష్ణ కరుగ్గా.

"పెద్దామెను ముందు చెప్పనీ," అంది సిద్ధమ్మ. "ఆమె చెప్పినాక మేము పెడితే మా మీదికి మాట రాదు."

ఉమాశంకర్ ఫైలు తెరిచి కాగితం కింద అట్ట పెట్టుకున్నాడు. "చెప్పవ్వా. పోయినసారి చెప్పింది తప్పేనా?"

"తప్పే నాయనా. మొక్కు లేదు, కొండ లేదు. మంగలోన్ని నేనే పిలిచినా, లడ్లు నేనే చేపిచ్చినా." నీలావతి గొంతు మొదట సన్నగా వచ్చింది. చెప్పేకొద్దీ నిలబడింది. ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న బరువు దించుకుంటున్నట్టు ముఖం తేటపడింది.

ఉమాశంకర్ రాశాడు. మంజులత ఊపిరి వదిలింది. అయిపోయింది అనుకుంది. విగ్గు వస్తుంది, షాపుకు పోతుంది, ఈ ముఖాలన్నీ పగలంతా చూడకుండా బతుకుతుంది.

"జుట్టు రాలేది యాపొద్దు మొదలైందవ్వా?"

"జుట్టు తర్వాత రాలింది. ముందర గడ్డ. మొదట్నుంచి చెప్పమనింది గదా నా కోడలు, మొదట్నుంచే చెప్తా రాసుకో." నీలావతి కాళ్ళు ముడుచుకుని సరిగ్గా కూర్చుంది. "పోయిన ఉగాదికి తలకు పోసుకుంటా చూసుకునింది. బచ్చలింట్లోకి పిలిచి నాకు చూపిచ్చింది. చింతగింజంత. నేనే పసుపు పట్టేసినా. మొగునికి చెప్పొద్దన్నా. పెండ్లిండ్ల బేరాలు అయిపోనీ, అంతవరకూ షాపు మానితే యట్ల అన్నా. ఆమె కూడా సరేననింది. దీపావళి దాటినాక గదా నొప్పి ఓర్చుకోలేక ఆసుపత్రికి పోయినారు. అదీ రాసుకో నాయనా. ఏమీ దాచల్యా."

ఉమాశంకర్ పెన్ను సగం వరసలో ఆగింది. అతను ఫైలు తిరగేసి మొట్టమొదటి కాగితం దగ్గరికి పోయాడు. తేదీ మీద వేలు పెట్టి శివకృష్ణ వైపు చూశాడు.

"పాలసీ తీసుకునింది ఆషాఢంలో గదన్నా?"

"అవును."

"ఇంట్లో ఎవురికీ అప్పటికి ఏ జబ్బూ, ఏ గడ్డా లేదని ఈడ నువ్వు సంతకం పెట్టినావు."

"లేదు గాబట్టే పెట్..."

శివకృష్ణ మెల్లగా భార్య వైపు తిరిగాడు.

సిద్ధమ్మా, మునియమ్మా చాప మీద నుంచి లేవడానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. చెప్పులు వేసుకుని గడప దాటారు. పెడతామన్న సంతకం పెట్టలేదు. ఇంటికీ పోలేదు, గుమ్మం పక్కనే నిలబడ్డారు.

"అక్కా," అన్నాడు ఉమాశంకర్ గొంతు తగ్గించి. "ఇది రాస్తే విగ్గు సంగతి వదిలెయ్. పాలసీనే కొట్టేస్తారు. ఇంక మిగిలిన కీమోలకు ఒక్క రూపాయి రాదు. రాయకుంటే నేను మళ్ళీ తప్పు రాసినట్టు. ఒక్క ముక్క తీయొద్దని నువ్వే అన్నావు."

నీలావతి ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. "నేనేమన్నా తప్పు చెప్పినానా? ఉన్నదే గదా చెప్పినా?"

ఇన్నాళ్ళూ మంజులతకు అందరి మీదా అసహ్యం పుట్టింది. అత్త మీద, నారాయణ మీద, ఫోటో తీసిన మేడమ్ మీద, చేతులు కడుక్కున్న నలభై ఇళ్ళ మీద. ఇప్పుడది తన మీదికే తిరిగింది. ఉగాది నుంచి దీపావళి దాకా భర్త పక్కనే పడుకుని, చెయ్యి వేసినప్పుడల్లా అటు తిరిగి పడుకుంది తను. ఎవరూ బలవంతం చేయలేదు.

"మంజులా," అన్నాడు శివకృష్ణ. అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెకు భరించరానిదిగా ఉంది. "ఉగాదికే నీకు తెలుసునా?"

"తెలుసు," అంది.

ఉమాశంకర్ పెన్ను కాగితానికి ఆనించి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఆ మాట ఆయనకు చెప్పినావా అక్కా, నాకు చెప్పినావా?"